రాత్రి నుంచి ఏమీ తినవద్దన్నారు, మరి షుగర్ మాత్ర సంగతి?

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం రోగికి చెప్పే మాట ఏ ఊళ్ళోనైనా దాదాపు ఒక్కటే: "రాత్రి పన్నెండు దాటాక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకండి." హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన 25 ఏళ్ళ కుర్రవాడికీ ఇదే మాట, మోకాలి కీలు మార్పిడికి వచ్చిన 62 ఏళ్ళ పెద్దావిడకూ ఇదే మాట. ఆవిడ బరువు 95 కిలోలు ఉండవచ్చు. పదిహేనేళ్ళుగా షుగర్ ఉండవచ్చు. పొద్దున లేవగానే వేసుకోవలసిన మాత్రలు ఐదారు ఉండవచ్చు. అయినా మాట మారదు. థియేటర్‌లోకి పిలుపు మధ్యాహ్నం రెండింటికి వస్తే, రాత్రి ఎనిమిదికి తిన్న రెండు పుల్కాల తర్వాత 18 గంటల పాటు ఆవిడ కడుపులో ఏమీ పడదు. ఈలోగా ఇన్సులిన్ వేసుకోవాలా వద్దా అన్నది ఆవిడకు గానీ, పక్కన కూర్చున్న కూతురికి గానీ తెలియదు.

నిజానికి ఆ ఒక్క వాక్యం నాలుగు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూటలో కట్టేస్తోంది. తిండి ఎప్పుడు ఆపాలి? నీళ్ళు ఎప్పుడు ఆపాలి? ఏ మందు ఎన్ని రోజుల ముందు ఆపాలి? మధ్యలో షుగర్ పడిపోతే ఏం చేయాలి? ఆరోగ్యవంతుడికి మొదటి రెండూ తెలిస్తే చాలు. ఊబకాయం, మధుమేహం రెండూ ఉన్నవారికి నాలుగూ తెలియాలి, పైగా వాటి జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. కాబట్టి ఇది అరుదైన రోగుల సమస్య కాదు, ప్రతి ఆసుపత్రిలో ప్రతి ఉదయం ఎదురయ్యే సమస్య.

ముందు అసలు కారణం చూద్దాం. మెలకువగా ఉన్నప్పుడు ఒక మెతుకు దారి తప్పితే పొలమారుతుంది, దగ్గు ముంచుకొస్తుంది, మెతుకు బయటికి వచ్చేస్తుంది. పూర్తి మత్తులో ఈ రక్షణ ఉండదు. అన్నవాహిక అడుగున బిగుసుకుని ఉండే కండరం కూడా సడలుతుంది. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. గట్టి ముక్కలైతే శ్వాసనాళాన్ని మూసేస్తాయి, ఆమ్లమైతే ఊపిరితిత్తుల లోపలి పొరను కాల్చేస్తుంది. ఇలా జరగడం అరుదే. జరిగితే మాత్రం ప్రాణాంతకం కావచ్చు. బ్రిటన్‌లో మత్తు సమయంలో తలెత్తే శ్వాసమార్గ ప్రమాదాలపై 2011లో వెలువడిన జాతీయ నివేదిక, ఆ మరణాలకు అన్నిటికంటే ముందు నిలిచిన కారణం ఇదేనని తేల్చింది. వెన్నుకు ఇచ్చే మత్తుకు కూడా పరగడుపున రమ్మనడానికి కారణం ఇదే, మధ్యలో అది చాలకపోతే పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తుంది.

ఈ ప్రమాదాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చినవాడు కర్టిస్ మెండెల్సన్ అనే న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు. 1932 నుంచి 1945 వరకు ఒకే ఆసుపత్రిలో 44,016 గర్భిణుల రికార్డులు పరిశీలించి, కాన్పు సమయంలో మత్తులో ఉండగా 66 మంది ఊపిరితిత్తుల్లోకి కడుపులోని పదార్థాలు వెళ్ళాయని 1946లో ప్రచురించాడు. ఇద్దరు చనిపోయారు. ఆ ఇద్దరి ప్రాణాలూ తీసింది గట్టి ఆహారం, ఊపిరాడకుండా చేసి. ద్రవం వెళ్ళినవారు తీవ్రంగా జబ్బుపడ్డారు గానీ అందరూ కోలుకున్నారు. ఆ వ్యాసం తర్వాత వైద్యలోకం భయపడింది, ఆ భయం న్యాయమైనదే. కానీ అది క్రమంగా తిండికీ నీళ్ళకూ తేడా లేకుండా, అందరికీ అర్ధరాత్రి నుంచి అన్నీ బంద్ అనే ఆచారంగా గట్టిపడింది. ఆచారానికి పునాది అని చెప్పుకునే వ్యాసంలోనే తిండికీ ద్రవానికీ మధ్య అంత తేడా కనిపిస్తున్నా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

తేడా ఎందుకంటే, కడుపు ఆ రెండింటినీ ఒకేలా చూడదు. మామూలు మనిషి తాగిన నీళ్ళు 10 నుంచి 20 నిమిషాల్లో సగానికి తగ్గిపోతాయి. అన్నం, పప్పు, మాంసం అలా కాదు. కడుపు వాటిని మెత్తగా నూరి కొద్దికొద్దిగా పేగులోకి వదలాలి. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. మరొక విషయం కూడా ఉంది. ఎన్ని గంటలు లంకణం ఉన్నా కడుపు పూర్తిగా ఎండిపోదు. మింగే లాలాజలం, కడుపు స్రవించే ఆమ్లం రోజంతా వస్తూనే ఉంటాయి. అందుకే 8 గంటలకు బదులు 18 గంటలు ఉంటే రెట్టింపు భద్రత దొరుకుతుందన్న లెక్క కుదరదు.

1986లో కెనడా పరిశోధకులు ఆపరేషన్‌కు రెండు మూడు గంటల ముందు కొందరికి 150 మిల్లీలీటర్ల నీళ్ళు తాగించి చూశారు. వారి కడుపులో మిగిలిన ద్రవం ఏమీ తాగనివారి కంటే ఎక్కువ లేదు. ఇలాంటి అధ్యయనాలు పోగుపడ్డాక అమెరికా మత్తు వైద్యుల సంఘం 1999లో కొత్త నియమాలు రాసింది. తేట ద్రవాలు 2 గంటల ముందు వరకు, తల్లిపాలు 4 గంటలు, తేలికపాటి భోజనం, మామూలు పాలు 6 గంటలు, వేపుళ్ళు, కొవ్వు, మాంసం ఉన్న భోజనం 8 గంటలు లేదా అంతకంటే ఎక్కువ. 2011, 2017, 2023లో సవరణలు వచ్చినా ఈ గంటలు ప్రధానంగా అలాగే ఉన్నాయి. అంటే అర్ధరాత్రి నుంచి నీళ్ళు మానిపించడానికి పాతికేళ్ళకు పైగా శాస్త్రీయమైన ఆధారం లేదు. అయినా ఈ పద్ధతి ఇంకా కొనసాగుతోంది. ఎందుకో అర్థం చేసుకోగలను. థియేటర్ జాబితా ఎప్పుడు ముందుకు జరుగుతుందో ఎవరికీ తెలియదు, అందరినీ సిద్ధంగా ఉంచడం ఆసుపత్రికి సులువు. కానీ ఆ సులువుకు మూల్యం చెల్లిస్తున్నది దాహంతో, తలనొప్పితో, పడిపోతున్న షుగర్‌తో మంచం మీద ఎదురుచూసే మనిషి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పైన చెప్పిన 2, 6, 8 గంటల నియమాలు ఆరోగ్యవంతుల కోసమని ఆ పత్రాలే చెబుతాయి. కడుపు ఖాళీ కావడాన్ని మార్చగల పరిస్థితులు ఉన్నవారికి వీటిని సవరించుకోవలసి రావచ్చని అంటూ అవి ఇచ్చే ఉదాహరణల్లో గర్భంతో పాటు ఊబకాయం, మధుమేహం కూడా ఉన్నాయి. ఎలా సవరించుకోవాలో మాత్రం గంటల్లో చెప్పవు. ఎవరికి స్పష్టత అందరికంటే ఎక్కువ కావాలో వారినే వైద్యుడి విచక్షణకు వదిలేశాయన్నమాట.

ముందు ఊబకాయం సంగతి. లావుగా ఉన్నవారి కడుపులో ఎక్కువ ఆమ్లం, ఎక్కువ ద్రవం నిలిచి ఉంటాయని 1975లో ఒక అధ్యయనం చెప్పింది. చాలాకాలం అదే ప్రమాణంగా నిలిచింది. 1998లో మరో బృందం షుగర్ లేని రోగులను పోల్చి చూసినప్పుడు దాదాపు తిరగబడిన ఫలితం వచ్చింది. పరగడుపున ఉన్న ఊబకాయుల్లో సుమారు 27 శాతం మందిలో ప్రమాదకరమనిపించే మోతాదులో ఆమ్లద్రవం కనిపించగా, సన్నగా ఉన్నవారిలో అది 42 శాతం. 2004లో ఊబకాయులకు ఆపరేషన్‌కు రెండు గంటల ముందు 300 మిల్లీలీటర్ల తేట ద్రవం ఇచ్చి చూస్తే కడుపులో తేడా ఏమీ రాలేదు. అంటే బరువు ఒక్కటే కారణంగా మనిషిని అదనంగా ఎండగట్టడం వల్ల ప్రయోజనం లేదు.

మరి మత్తు వైద్యులు లావుపాటి రోగిని చూడగానే ఎందుకంత అప్రమత్తమవుతారు? వారి భయం ముఖ్యంగా శ్వాస గురించి. పొట్ట కొవ్వు ఊపిరితిత్తులను కింది నుంచి నొక్కుతుంది, కాబట్టి లోపల నిల్వ ఉండే ఆక్సిజన్ తక్కువ. ముందుగా ఆక్సిజన్ పట్టించిన ఆరోగ్యవంతుడి ఊపిరి ఆగినా, రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి పడిపోవడానికి సుమారు 8 నిమిషాలు పడుతుందని, తీవ్ర ఊబకాయంలో 3 నిమిషాలలోపే పడిపోతుందని లెక్కలు చెబుతాయి. మాస్కుతో గాలి ఇవ్వడం కష్టం కావచ్చు, గొంతులో గొట్టం వేయడానికి సమయం పట్టవచ్చు. నిద్రలో గురకతో ఊపిరి ఆగే జబ్బు, ఛాతీలో మంట, పైకి జరిగిన కడుపు కూడా తరచూ తోడవుతాయి. అందువల్ల రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తున్నాయా, గురక పెడతారా అన్న ప్రశ్నలకు దాచకుండా జవాబు చెప్పడం, ఎన్ని గంటలు పస్తున్నారన్న లెక్క కంటే తక్కువ ముఖ్యమేమీ కాదు.

మధుమేహం కథ వేరు. కడుపు కండరాల కదలికను నడిపించేది వేగస్ నరం. ఏళ్ళ తరబడి అదుపులో లేని షుగర్ పాదాల నరాలను దెబ్బతీసినట్టే దీన్నీ దెబ్బతీస్తుంది. దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారిని పరీక్షిస్తే మూడో వంతు నుంచి సగం మందిలో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతున్నట్టు కనిపిస్తుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, నిన్న రాత్రి తిన్నది పొద్దున వాంతిలో కనిపించడం, భోజనం తర్వాత షుగర్ ఒకరోజు అమాంతం పెరిగి మరోరోజు పడిపోవడం దీని సూచనలు. సాధారణంగా ముందుగా నెమ్మదించేది గట్టి ఆహారం. నీళ్ళు చాలాకాలం పాటు దాదాపు మామూలుగానే దిగుతాయి. ఆ క్షణాన ఉన్న షుగర్ స్థాయి కూడా లెక్కలోకి వస్తుంది, రక్తంలో గ్లూకోజు బాగా పెరిగి ఉంటే నరాలు బాగున్నవారిలో కూడా కడుపు మందగిస్తుంది. ఇలాంటివారికి చాలామంది వైద్యులు గట్టి ఆహారాన్ని ఇంకా ముందే ఆపించి, ముందు రోజంతా ద్రవాహారం మీదే ఉంచుతారు.

అనుమానం తీరకపోతే ఇప్పుడు చూసే మార్గం కూడా ఉంది. అల్ట్రాసౌండ్ ప్రోబును పొట్ట పైభాగాన ఆనించి కడుపు చివరి భాగాన్ని చూస్తే గట్టి ఆహారం ఉందో, ద్రవం ఎంత ఉందో మంచం పక్కనే తెలుస్తుంది. కిలో బరువుకు 1.5 మిల్లీలీటర్ల లోపు తేట ద్రవం ఉంటే మామూలు స్థితిగానే భావిస్తారు. నరాలకు మత్తు ఇవ్వడానికి ఈ యంత్రాన్ని ఇప్పటికే చాలా థియేటర్లలో వాడుతున్నారు. కడుపు నిండుగా కనిపిస్తే వాయిదా వేయవచ్చు. వాయిదాకు వీల్లేని అత్యవసరమైతే గొంతులో గొట్టాన్ని అతివేగంగా వేసి శ్వాసమార్గాన్ని కాపాడే పద్ధతి ఉంది.

ఇక మందులు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యే భాగం ఇదే. "ఏమీ తీసుకోవద్దు" అని వింటే కొందరు అన్ని మాత్రలూ మానేస్తారు, బీపీ మాత్ర కూడా. చాలా రకాల బీపీ, గుండె మందులను గుక్కెడు నీళ్ళతో వేసుకోమనే చెబుతారు, కొన్నింటినే ఆ రోజుకు ఆపుతారు. మరికొందరు అలవాటు కొద్దీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటారు. తిండి లేకుండా ఆ మాత్ర పడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి ఆపరేషన్ రోజు ఉదయం దాన్ని మానిపిస్తారు. మెట్‌ఫార్మిన్ కూడా ఆ రోజుకు ఆపుతారు. ఇన్సులిన్ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను సాధారణంగా 75 నుంచి 80 శాతం మోతాదుకు తగ్గించి ఇస్తారు, భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను భోజనం లేదు కాబట్టి మానిపిస్తారు. మన దగ్గర ఎక్కువగా వాడే 30-70 మిశ్రమ ఇన్సులిన్‌లో రెండు రకాలూ ఒకే సూదిలో ఉంటాయి, దాన్ని ఎంతకు తగ్గించాలో డాక్టరే అంకె రాసివ్వాలి. టైప్ 1 మధుమేహం ఉన్నవారు మాత్రం తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఎప్పుడూ మానకూడదు.

రెండు కొత్త మందుల గురించి విడిగా చెప్పాలి. ఒకటి వారానికోసారి పొడిచే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన మార్కెట్‌లోకి వచ్చింది, సెమాగ్లుటైడ్ బరువు తగ్గించే మోతాదుల్లో అదే ఏడాది జూన్‌లో వెగోవీ పేరుతో వచ్చింది. ఇవి ఆకలి తగ్గించే మార్గాల్లో ఒకటి కడుపును నెమ్మదించడం. ఎనిమిది గంటలు నియమంగా పస్తున్న మనిషి కడుపులో కూడా ఆహారం కనిపించిన సందర్భాలు బయటపడ్డాక, 2023 జూన్‌లో అమెరికా మత్తు వైద్యుల సంఘం ఈ వారపు ఇంజెక్షన్‌ను వారం ముందు ఆపమంది. కానీ ఒక్క వారం చాలుతుందా? సెమాగ్లుటైడ్ శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది. ఎనిమిదో వంతుకు రావాలంటే మూడు వారాలు. అన్నాళ్ళు ఆపితే షుగర్ పెరుగుతుంది, పెరిగిన షుగర్ మళ్ళీ కడుపును నెమ్మదింపజేస్తుంది. ఈ వలయం తెలిసే 2024 అక్టోబర్‌లో పలు వైద్య సంఘాలు కలిసి సలహాను మార్చాయి. చాలామంది మందు కొనసాగించవచ్చు. మోతాదు ఇంకా పెంచుతున్న దశలో ఉన్నవారు, ఎక్కువ మోతాదు వాడేవారు, వికారం, వాంతులు, కడుపుబ్బరం ఉన్నవారు మాత్రం ప్రమాదం ఎక్కువున్న జాబితాలోకి వస్తారు. వారు ముందు 24 గంటలు ద్రవాహారం మీదే ఉండటం, ఆ రోజు అల్ట్రాసౌండ్‌తో కడుపు చూడటం మేలు. బరువు తగ్గడానికి సొంతంగా కొనుక్కుని వాడుతున్న సంగతి ఇంట్లో చెప్పనివారు ఉన్నారు. ఇంట్లో చెప్పకపోయినా మత్తు డాక్టర్‌కు చెప్పి తీరాలి.

రెండో రకం డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు. ఇవి కడుపును ఏమీ చేయవు, ప్రమాదం వేరే దారిలో వస్తుంది. ఈ మాత్రలు కిడ్నీల ద్వారా గ్లూకోజును మూత్రంలోకి పంపుతూనే ఉంటాయి, తినకపోయినా పంపుతాయి. పస్తున్న శరీరంలో ఇన్సులిన్ ఎలాగూ తగ్గుతుంది, దానికి ఆపరేషన్ ఒత్తిడి తోడవుతుంది. అప్పుడు కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేయడం మొదలుపెడుతుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. మామూలుగా ఈ స్థితి వస్తే షుగర్ 300, 400 దాటి అందరినీ హెచ్చరిస్తుంది. ఈ మాత్రలు వాడేవారిలో మాత్రం గ్లూకోమీటర్ 150 చూపిస్తూనే ఉండవచ్చు. అంతా బాగుందని ఇంటివాళ్ళూ, ఒక్కోసారి వైద్య సిబ్బందీ నమ్ముతారు. అందుకే ఈ మాత్రలను ముందుగా నిర్ణయించిన ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో వాటి సూచనా పత్రాల్లో చేర్చింది. చిన్న ప్రక్రియలకు ఎన్ని రోజులన్నది దేశాన్ని బట్టి కొంత మారుతుంది, కానీ ముందు రోజు రాత్రి చెప్పే మాట ఎక్కడైనా ఆలస్యమే. పెద్దపేగును కెమెరా గొట్టంతో చూసే కొలనోస్కోపీ చిన్న పరీక్షే కదా అనుకోకూడదు. ముందు రోజంతా ద్రవాహారం, విరేచనాల మందు, ఆపై పస్తు, ఇవి మూడూ కీటోన్లు పెరగడానికి తగిన పరిస్థితులే. ఈ మందు మెట్‌ఫార్మిన్‌తోనో సిటాగ్లిప్టిన్‌తోనో కలిసి ఒకే మాత్రగా కూడా వస్తుంది. గుండె బలహీనతకు, కిడ్నీ జబ్బుకు షుగర్ లేనివారికి కూడా రాస్తారు. కాబట్టి పేరు గుర్తులేదనుకుంటే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని కనీసం వారం ముందు మత్తు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

తేట ద్రవం అంటే ఏమిటన్న దానిలోనూ మన ఇళ్ళలో గందరగోళం ఉంది. మంచినీళ్ళు, పాలు కలపని టీ, కాఫీ, గుజ్జు లేని ఆపిల్ రసం తేట ద్రవాలు. మజ్జిగ ఎంత పలుచగా చేసినా తేట ద్రవం కాదు. రాగిజావ, బూస్టు, పాలు కలిపిన టీ అసలే కాదు, వీటిని 6 గంటల లెక్కలో చూడాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దెబ్బతిన్న షుగర్ రోగులు అడగకుండా తాగకూడదు. రెండు ఇడ్లీలు తేలికపాటి భోజనమే, పూరీ కూర కాదు. ఆపరేషన్ ముందు చక్కెర పానీయం ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది గానీ, మధుమేహం ఉన్నవారికి అది మేలు చేస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఇక పరగడుపు రక్తపరీక్ష దీనికి సంబంధం లేనిది. దానికి మామూలుగా 8 గంటలు చాలు, నీళ్ళు తాగవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి పస్తే అక్కర్లేదు.

తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి, గ్లూకోమీటర్ 70 కంటే తక్కువ చూపిస్తే ఏం చేయాలి? ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని ఓర్చుకుని కూర్చోకూడదు. మూడు టీస్పూన్ల గ్లూకోజు పొడిని నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. ఆ ద్రావణం తేట ద్రవమే కాబట్టి చాలావరకు ఆపరేషన్‌కు ఆటంకం కాదు. సమయం మరీ దగ్గరపడి ఉంటే ఆపరేషన్ రెండు గంటలు వెనక్కి జరుగుతుంది, అంతే. ఆసుపత్రికి చేరగానే ఎన్నింటికి ఎంత తాగారో చెప్పాలి. పొరపాటున బిస్కెట్ తిన్నా చెప్పాలి. అలా చెప్పిన రోగిని కసురుకునే సిబ్బంది ఉన్నచోట తర్వాతి రోగి నిజం దాస్తాడు, ఆ మౌనం ఒకరి ప్రాణం తీయగలదు.

షుగర్ ఉన్నవారి పేరు థియేటర్ జాబితాలో ఉదయం మొదటివరుసలో ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, ఎన్నో దేశాల మార్గదర్శకాలు చెప్పేది అదే. ఒక కాగితం మీద చివరి భోజనం ఏ సమయానికి, చివరి నీళ్ళు ఏ సమయానికి, ఏ మందు ఏ తేదీ నుంచి వద్దు, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు అని నాలుగు వరుసలు రాసివ్వమని అడగండి. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడితే ఆ సమయాలు కూడా మళ్ళీ మారాలి.

ఇంటికి వచ్చాక కూడా ఒక లెక్క మిగిలి ఉంటుంది. మానిన మాత్రలన్నీ అదే రాత్రి ఒకేసారి మొదలుపెట్టకూడదు, డాపాగ్లిఫ్లోజిన్ రకం మందును మామూలుగా తినడం, తాగడం కుదిరాకే డాక్టర్ చెప్పిన రోజున మొదలుపెట్టాలి. ఆ మందు వాడే మనిషికి ఆపరేషన్ తర్వాతి రోజుల్లో వాంతులు, కడుపునొప్పి, తీవ్రమైన నీరసం, ఆయాసం వస్తే గ్లూకోమీటర్‌లో అంకె మామూలుగా ఉన్నా సరే ఆగవద్దు. అత్యవసర విభాగానికి వెళ్ళి, మాత్ర పేరు చెప్పి, రక్తంలో కీటోన్లు చూడమని అడగండి.